ఇంజను కూర్చునే చోటు

ఇంజనును, గేరుబాక్సును, వాటి నుంచి చక్రానికో పంపుకో శక్తిని చేరవేసే షాఫ్టును పట్టి ఉంచే ఇనుప కట్టడమే మౌంటింగు. వెల్డింగ్ షాపుల్లో దీన్ని బ్రాకెట్టు అంటారు, ఫౌండేషన్ అంటారు, ఒక్కోచోట ఇంజను కాళ్లనే అంటారు. పేరేదైనా దానికి మూడు పనులు. బరువు మోయాలి. ఇంజను తిప్పే మెలికకు (టార్కుకు) ఎదురు నిలవాలి. ఒక షాఫ్టు మధ్యగీత రెండో షాఫ్టు మధ్యగీతతో కలిసి ఉండేలా ఏళ్ల తరబడి కాపాడాలి. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి షాపుకు వచ్చిన రైతూ, కొలతలు తీసే మేస్త్రీ వాటి గురించే మాట్లాడుకుంటారు. మూడోది తప్పితే బేరింగు అరుగుతుంది, ఆయిల్ సీలు కారుతుంది, షాఫ్టు జాయింటులోని క్రాసు విరుగుతుంది. అప్పుడు నింద బేరింగు నాణ్యత మీదికి పోతుంది గానీ, దాన్ని వంకరగా కూర్చోబెట్టిన బ్రాకెట్టు మీదికి పోదు.

కంపెనీ నుంచి వచ్చిన ట్రాక్టరులో ఈ ప్రశ్న పుట్టదు. చాలా ట్రాక్టర్లకు లారీలాగా విడి ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే వెన్నెముకగా నిలుస్తాయి. ఆ వెన్నెముకకు వేరే యంత్రాన్ని జతచేయాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ట్రాక్టరు వెనక మందు పంపు బిగించడం, పాత డీజిలు ఇంజనును ఇనుప ఫ్రేము మీదికెక్కించి కలుపు తీసే బండిగా మార్చడం, ఆటో ఇంజనుకు వేరే గేరుబాక్సు కలపడం, ఇంజనీరింగ్ విద్యార్థులు పోటీ వాహనం కట్టడం: అన్నీ ఒకే కోవలోని పనులు.

గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఈ పనికి ఇంత గిరాకీ ఉండడానికి కారణం పంటల్లోనే ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల కొత్త పేర్లతో వచ్చినా నేల మాత్రం అదే నల్లరేగడి, పంటలు అవే పత్తి, మిరప. పత్తి సాళ్ల మధ్య మూడు నాలుగు అడుగుల ఎడం ఉంటుంది. మిరపకు ఇంకా తక్కువ. గొర్రుతో నిలువుగా, అడ్డంగా అచ్చు తోలి, గీతలు కలిసిన చోట మొక్క నాటి, రెండు వైపులా గుంటక పాటు చేయడం ఇక్కడి అలవాటు. అరక ఎడ్లకు అది సులువైన పని. ఎడ్లు తగ్గి, కూలి పెరిగి, ఆ పని యంత్రానికి అప్పగించాల్సి వచ్చేసరికి సాలు వెడల్పుకు సరిపడే యంత్రం అంగట్లో దొరక్కపోతే షాపులో కట్టించుకోవడమే మార్గమైంది.

రెండో కారణం మందు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టి ప్రకాశం, గుంటూరు రైతులను అప్పుల్లో ముంచి, ఎందరి ప్రాణాలనో బలిగొంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి తోటలను దున్నేసే దాకా తెచ్చింది. అలాంటి ఏడాది మందు కొట్టడం ఎంత తొందరగా, ఎంత సమంగా సాగుతుందన్నదే పంటను నిలబెట్టేది. వీపున మోసే చేతి పంపు నుంచి పవర్ స్ప్రేయరుకు, అక్కడి నుంచి ట్రాక్టరు వెనక ఎక్కువ ఒత్తిడితో మందు చిమ్మే హెచ్‌టీపీ పంపు, పెద్ద డ్రమ్ము, రెండు పక్కలా చాచిన బూమ్ రాడ్లకు వచ్చిన మార్పు వెనక ఈ తొందరే ఉంది. ఆ పంపు ఆగిపోయిన రోజు విలువ రైతుకు తెలుసు. ఆగిపోవడానికి కారణం చాలాసార్లు పంపు కాదు, దాన్ని నిలబెట్టిన నాలుగు ఇనుప పట్టీలు.

ఇదే అవసరం ఇంకో పత్తి ప్రాంతంలో ఇంకో రూపం తీసుకుంది. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లా రైతు మన్సుఖ్‌భాయి జగానీ 1990ల్లో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిల్ వెనక చక్రం తీసి, అక్కడ రెండు చక్రాల ఇరుసు, దాని వెనక దంతె బిగించే పట్టీ అమర్చాడు. ‘బుల్లెట్ శాంతి’ పేరుతో అది దేశమంతా తెలిసింది. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ గుర్తింపు పొందింది. ఆ బండిలో ఇంజను కొత్తది కాదు, దంతె కొత్తది కాదు. కొత్తదల్లా రెంటినీ కలిపిన ఇనుప అమరిక.

బరువు కన్నా మెలిక పెద్దది

మౌంటింగు కట్టేటప్పుడు షాపులో మొదట వినిపించే ప్రశ్న “ఇంజను ఎన్ని కిలోలు?” అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ అక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ చూడాలి. 10 హెచ్‌పీ డీజిలు ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని షాఫ్టు మీద మెలిక సుమారు 47 న్యూటన్-మీటర్లు, అంటే మీటరు పొడవు గల కాడ చివర 4.8 కిలోలు వేలాడదీసినంత. ఇది చిన్నదే. ఆ ఇంజనుకు గేరుబాక్సు బిగించి, మొదటి గేరులో మొత్తం తగ్గింపు 20 వంతులైతే, వెనక నుంచి బయటికొచ్చే షాఫ్టు మీద మెలిక ఇరవై రెట్లై 940 న్యూటన్-మీటర్లకు చేరుతుంది. ఇంజను, గేరుబాక్సు ఒకే దిమ్మగా బిగిసి ఉన్నాయి కాబట్టి, ఆ మెలికకు ఎదురుగా దిమ్మ మొత్తం రెండో వైపుకు దొర్లాలని చూస్తుంది. దాన్ని ఆపేది మౌంటింగే.

కుడి ఎడమ కాళ్ల మధ్య ఎడం అరమీటరైతే, ఒక వైపు కాళ్ల మీద 190 కిలోల భారం అదనంగా కిందికి పడుతుంది, రెండో వైపు కాళ్లను అంతే భారం పైకి లాగుతుంది. దిమ్మ బరువు 200 కిలోలనుకుంటే మామూలుగా ఒక్కో వైపు 100 కిలోలు. చక్రం గట్టిగా లాగే వేళ ఒక వైపు 290 కిలోలు అవుతుంది, రెండో వైపు బరువు పోయి ఇంకా 90 కిలోలు పైకి లాగుతుంది. కిందికి మాత్రమే మోయడానికి కట్టిన కాళ్లు, పైకి ఊడిరాకుండా సరైన బోల్టు లేని కాళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. ఇంజను కాళ్లను వీలైనంత వెడల్పుగా పెట్టమని అనుభవమున్న మేస్త్రీలు చెప్పేది అందుకే. ఎడం అరమీటరు నుంచి ముప్పావు మీటరుకు పెరిగితే, అదే మెలికకు కాలి మీద భారం మూడింట ఒక వంతు తగ్గుతుంది. ప్లేటు మందం పెంచడం కన్నా అది చవకైన బలం.

నల్లరేగడి ఈ లెక్కను ఇంకొంచెం కష్టం చేస్తుంది. తడి రేగడిలో చక్రం జారుతుంది, మట్టి పట్టుకుని టైరు నున్నగా అవుతుంది, ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. ఒక్కసారిగా టైరు కింద గట్టి నేల తగలగానే తిరుగుతున్న బరువంతా ఆగడానికి చూసి, మెలిక ఒక్క క్షణంలో రెండు మూడు రెట్లు ఎగురుతుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి, గట్లు రాయిలా గట్టిపడి, బండి ఎగిరి పడుతుంది. అందుకే రహదారి వాహనానికి చాలే మౌంటింగు చేలో బండికి చాలదు. లెక్క కట్టిన భారానికి మూడు రెట్లు ఆగేలా కట్టాలన్న నియమం ఈ నేలకు అతి జాగ్రత్తేమీ కాదు.

షాఫ్టు గీత మొదట, ప్లేటు తర్వాత

మంచి మౌంటింగు పని ప్లేటు కోయడంతో మొదలవదు. ఇంజనును, అది తిప్పాల్సిన పంపునో గేరుబాక్సునో చెక్క దిమ్మల మీద, జాకీల మీద వాటి అసలు స్థానాల్లో నిలబెట్టి, రెండు షాఫ్టుల మధ్యగీతలు కలిపాకే ప్లేటు కొలత తీయాలి. అట్ట ముక్కను ఆ సందులో పెట్టి గీసి, కత్తిరించి, సరిపోయాక ఆ అట్టను ఇనుము మీద పరిచి గీతలు గీసే పద్ధతి చాలా షాపుల్లో ఉంది. చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా, టేపు కొలత కన్నా అట్ట అబద్ధం చెప్పడం తక్కువ. తొందరలో ముందు బ్రాకెట్టు కట్టి, తర్వాత ఇంజనును దాని మీదికి బలవంతంగా లాగి బిగించే చోట తప్పు పుట్టినట్టే. బోల్టు బిగించాక షాఫ్టులు కలిశాయని అనిపిస్తుంది, నిజానికి ఇంజను హౌసింగే వంగి ఉంటుంది.

ట్రాక్టరు వెనక, పరికరాలకు శక్తినిచ్చే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఇది అంతర్జాతీయంగా ఖరారైన వేగం. ఆరు పళ్ల, 35 మి.మీ. షాఫ్టు మీదికి వచ్చే జాయింట్ రాడ్డుకు రెండు చివరలా ఒక్కో క్రాసు ఉంటుంది. ఆ క్రాసు స్వభావం తెలియకపోవడమే ఎన్నో పంపులను పాడుచేసింది. క్రాసు ఒక కోణంలో వంగి తిరిగేటప్పుడు అవతలి షాఫ్టు సమ వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే 540 చుట్ల వేగం 532కూ 548కీ మధ్య ఊగుతుంది, పట్టించుకోనక్కర్లేదు. 30 డిగ్రీలైతే 468 నుంచి 624 వరకూ ఊగుతుంది. సెకనుకు పద్దెనిమిది సార్లు పంపును ముందుకు తోసి వెనక్కి పట్టి లాగినట్టే. పంపు మౌంటింగు బోల్టులు ఎందుకు వదులవుతున్నాయో తెలియక స్ప్రింగ్ వాషర్లు మారుస్తూ ఉండే రైతు ముందుగా చూడాల్సింది ఈ కోణాన్ని.

దీనికి విరుగుడు ఉంది. రెండు చివరలా కోణాలు సమానంగా ఉండి, జాయింట్ రాడ్డుకు రెండు వైపులా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉంటే మొదటి క్రాసు తెచ్చిన ఊగును రెండోది తీసేస్తుంది. రాడ్డును రిపేరుకు విప్పి, తిరిగి బిగించేటప్పుడు ఫోర్కులు ఒక పన్ను తేడాగా కూర్చుంటే ఈ లాభం పోతుంది. అందుకే విప్పేముందు రెండు భాగాల మీదా ఉలితో ఒక గీటు పెట్టుకోవాలి. పంపు పెట్టే స్టాండును తయారుచేసేవారు పంపు షాఫ్టు పీటీవోకు సమాంతరంగా ఉండేలా చూస్తే సగం సమస్య తీరినట్టే. మిగతా సగం డ్రైవరు చేతిలో ఉంటుంది. చేను చివర మలుపులో స్ప్రేయరును లిఫ్టుతో పైకెత్తి, పీటీవోను ఆపకుండానే తిప్పితే కోణం ఒక్కసారిగా పెరుగుతుంది. క్రాసులు విరిగేది ఎక్కువగా అక్కడే.

స్టాండు ట్రాక్టరుకు పట్టేది మూడు చోట్ల. హ్యారీ ఫెర్గూసన్ 1920ల్లో రూపొందించిన మూడు బిందువుల లింకేజీ ఇప్పుడు దాదాపు ప్రతి ట్రాక్టరుకూ ఉంది. చిన్న, మధ్య తరహా ట్రాక్టర్ల కేటగిరీ 1లో కింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. పెద్దవాటి కేటగిరీ 2లో 28, 25. ఈ కొలతలకు కట్టుబడి చేసిన స్టాండు ఊళ్లో ఆ కేటగిరీ ట్రాక్టరు దేనికైనా ఎక్కుతుంది. ఒక్క ట్రాక్టరుకే సరిపడేలా 24 మి.మీ. రాడ్డుతో పిన్ను కొట్టించుకున్న రైతు, ట్రాక్టరు మార్చిన రోజే స్టాండునూ మార్చుకోవాలి.

నెమ్మదిగా తిరిగే షాఫ్టు మీద మెలిక తక్కువగా ఉంటుందన్న భ్రమ ఒకటుంది. 5 హెచ్‌పీ శక్తి 1500 చుట్ల ఇంజను షాఫ్టు మీద 23 న్యూటన్-మీటర్ల మెలిక. అదే శక్తి 540 చుట్ల పీటీవో మీద 65. హెచ్‌టీపీ పంపు 950 చుట్ల దగ్గర తిరగాలంటే పీటీవో వైపు 14 అంగుళాల పుల్లీ, పంపు వైపు 8 అంగుళాల పుల్లీ సరిపోతాయి. వాటి మధ్య బెల్టు లాగుడు, బిగువు కలిపి షాఫ్టు మీద 55 నుంచి 75 కిలోల భారం పక్కకు పడుతుంది. ఆ భారం పంపు కాళ్లను అడ్డంగా లాగుతుంది. పంపును బోల్టు రంధ్రాల్లో కాక పొడవాటి స్లాట్లలో బిగించి, బెల్టు బిగువు సరిచేసుకునే వీలు ఇవ్వడం మంచి అలవాటు. స్లాటు మీద మామూలు వాషరు వేస్తే అది లోపలికి కుంగుతుంది, మందపాటి ప్లేటు వాషరు వేయాలి. రెండు పుల్లీల ముఖాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడ్డానికి గట్టి దారం చాలు. దారం నాలుగు అంచులనూ తాకాలి.

రబ్బరు వేయాలా, వద్దా

ఇంజనును నేరుగా ఇనుము మీద బిగించడమా, మధ్యలో రబ్బరు బుష్‌లు పెట్టడమా అన్న వాదన షాపుల్లో ఎప్పటికీ తేలదు. రెండూ సరైనవే, చోటును బట్టి. రబ్బరు ఇంజను బరువుకు ఎంత కుంగుతుందో దాన్ని బట్టి దాని సహజ ఊగు ఉంటుంది. 4 మి.మీ. కుంగితే సెకనుకు సుమారు 8 ఊగులు. ఇంజను కుదుపు ఆ లెక్కకు కనీసం ఒకటిన్నర రెట్లు దాటితేనే రబ్బరు కుదుపును తగ్గిస్తుంది. అంతకు లోపల ఉంటే తగ్గించకపోగా పెంచుతుంది. నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండరు ఇంజను రెండు చుట్లకోసారి పేలుతుంది, అంటే 960 చుట్ల దగ్గర సెకనుకు 8 పేలుళ్లు, సరిగ్గా రబ్బరు ఊగుతో కలుస్తాయి. ఒంటి సిలిండరు బండి స్టార్టు చేసినప్పుడు, ఆపేటప్పుడు పిచ్చిగా ఊగి, వేగం అందుకోగానే సర్దుకుపోవడం వెనక ఉన్నది ఇదే. మూడు సిలిండర్ల ఇంజను 800 చుట్ల ఐడిలింగులోనే సెకనుకు 20 పేలుళ్లిస్తుంది, దానికి ఆ బాధ లేదు.

ఇంజను ఒక్కటే రబ్బరు మీద ఉండి, పంపు ఇనుము మీద ఉండి, రెంటి మధ్యా బెల్టు ఉంటే కష్టమే. ఇంజను ఊగినప్పుడల్లా బెల్టు బిగుసుకుని వదులవుతుంది. అలాంటప్పుడు ఇంజనును, పంపును ఒకే సబ్‌ఫ్రేము మీద గట్టిగా బిగించి, ఆ సబ్‌ఫ్రేమును మొత్తంగా రబ్బరు మీద కూర్చోబెట్టాలి. షాఫ్టు నేరుగా కప్లింగుతో కలిసిన చోట కూడా ఇదే పద్ధతి. లారీల్లో వాడి పడేసిన పాత బుష్‌లు చవగ్గా దొరుకుతాయి గానీ, ఎండకు, డీజిలుకు గట్టిపడిన రబ్బరు కుంగడం మానేస్తుంది. కుంగని రబ్బరు ఇనుముతో సమానం, పైగా మధ్యలో పగిలి ఒక రోజు హఠాత్తుగా వదిలేస్తుంది.

ఇనుము, వెల్డింగు, బోల్టు

మందం ఎక్కువైతే బలం ఎక్కువన్న నమ్మకం ఈ ప్రాంతంలో బలంగా పాతుకుంది. 10 మి.మీ. ప్లేటు చదరపు అడుగు 7.3 కిలోలు తూగుతుంది. మందం పెంచుకుంటూ పోతే స్టాండు బరువే పంపును మించిపోయి, ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. ఇనుము ఎక్కడ నిలబడిందన్నది దాని మందం కన్నా ముఖ్యం. 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న మామూలు ఫ్లాట్ పట్టీని పడుకోబెట్టి రెండు చివరలా ఆసరా ఇస్తే కాలితో నొక్కితే వంగుతుంది. అదే పట్టీని అంచు మీద నిలబెడితే 69 రెట్లు బిగువుగా ఉంటుంది. కిలో ఇనుము కూడా అదనంగా పడలేదు. బ్రాకెట్టు మూలలో చిన్న మూడు మూలల రిబ్బు పెట్టడం, ప్లేటు అంచును మడవడం, యాంగిల్‌కు బదులు ఛానెల్ వాడడం ఈ లెక్కతోనే. రిబ్బు అంచును ప్లేటు చివర దాకా తెచ్చి పదునుగా ముగిస్తే అక్కడే పగులు మొదలవుతుంది. దాన్ని వాలుగా కోసి మెల్లగా ముగించాలి.

షాపుల్లో సాధారణంగా వాడేది ఐఎస్ 2062 ఇ250 రకం మెత్తని ఇనుము. అది సాగడం మొదలయ్యే హద్దు 250 మెగాపాస్కల్స్, మౌంటింగుకు చాలు. చిక్కు కమాను పట్టాలతో వస్తుంది. లారీ కమాను పట్టా పాతఇనుము దుకాణంలో చవకగా దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, దంతె పళ్లకు అద్భుతమైన సరుకు. కానీ దానిలో కర్బనం ఎక్కువ. మామూలు రాడ్డుతో వెల్డింగు చేయగానే అతుకు పక్కన గాజులా పెళుసుబారుతుంది. చూపుకు అందంగా ఉన్న అతుకు రెండో రోజు తెల్లగా, మెరుస్తూ, ఒక్క ముక్కగా విరిగి వస్తుంది. కమాను పట్టాను మౌంటింగులో వాడితే బోల్టుతోనే బిగించాలి. ట్రాక్టరు హౌసింగు పోత ఇనుము. దానికి వెల్డింగు అసలే పనికిరాదు, కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే బ్రాకెట్టు పట్టాలి.

వెల్డింగులో పాటించాల్సిన వరస ఉంది. ఇంజను, పంపు నిలిపిన స్థానంలోనే బ్రాకెట్టును నాలుగు మూలలా ట్యాక్ వేసి, బోల్టులు తిరిగి విప్పి పెట్టి చూసి, తేలిగ్గా దిగుతున్నాయని నిర్ధారించుకున్నాక అసలు అతుకు వేయాలి. ఒక వైపే ఆపకుండా లాగితే వేడికి ప్లేటు ఆ వైపు ముడుచుకుంటుంది. ఒక అంగుళం ఇక్కడ, ఒక అంగుళం ఎదురు మూలలో, చల్లారనిచ్చి మళ్లీ. ప్లేటు మందం 8 మి.మీ. ఉంటే 5, 6 మి.మీ. అతుకు చాలు, అంతకు మించి పోసిన లోహం బలం పెంచదు, ప్లేటు ముడుచుకోవడాన్ని పెంచుతుంది. అదరే చోట 6013 రాడ్డు కన్నా పొడిగా ఉంచిన 7018 రాడ్డు మంచిది. వర్షాకాలంలో తడిసిన రాడ్డును ఎండలో పెట్టి వాడడం ఆరబెట్టినట్టు కాదు, పొయ్యిలో వేడిచేయాలి. ఎర్తు క్లాంపును అతుకు పక్కనే తగిలించాలి. దూరంగా గేరుబాక్సుకు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి, ఆ బేరింగులు వారం తిరక్కుండానే మోత మొదలుపెడతాయి.

బోల్టు తల మీద 8.8 అని ఉండాలి. ఆ అంకె లేని మామూలు బోల్టు ఇంజను కాలికి పనికిరాదు. 12 మి.మీ. 8.8 బోల్టును సుమారు 80 న్యూటన్-మీటర్లకు బిగిస్తే అది మూడు టన్నులకు పైగా శక్తితో రెండు ప్లేట్లనూ నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడే మౌంటింగును నిలుపుతుంది. అడుగు పొడవు స్పానరు చివర 27 కిలోల లాగుడంటే ఆ బిగువు. రంధ్రం గ్యాసుతో కోసి, వదులుగా ఉన్న చోట ఎంత బిగించినా ఆ నొక్కుడు రాదు, బోల్టు కోతకు గురై విరుగుతుంది. రంధ్రం డ్రిల్లుతోనే వేయాలి.

మట్టి కింద దాగే పగుళ్లు

చేలో బండికి శత్రువు మట్టి ఒక్కటే కాదు. మిరప ఆకుమచ్చకు, కొమ్మ ఎండుకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్లు బ్రాకెట్టు మీద కారి ఆరితే, రాగి ఇనుము మీద పడి తుప్పును తొందరపెడుతుంది. గంధకం పొడి కూడా అంతే. తుప్పు అతుకు అంచునే మొదలవుతుంది, అక్కడే భారమూ ఎక్కువ. దాని మీద నల్లరేగడి ఎండి పెంకులా కప్పేస్తే పగులు కనిపించదు. ప్రతి మందు కొట్టుడు తర్వాత స్టాండును మంచినీళ్లతో కడిగి, సీజనుకోసారి అతుకుల అంచులను టార్చి వేసి చూసే రైతు, విరగబోయే బ్రాకెట్టును ముందే పట్టుకుంటాడు. ఎర్రటి సన్న గీత కనిపిస్తే అది పెయింటు లోపం కాదు, పగులు లోపలి తుప్పు బయటికి కారుతోందని అర్థం. అప్పుడు పైన ఇంకో పొర వెల్డింగు వేయడం తప్పు, పగులును గ్రైండరుతో పూర్తిగా తీసేసి మళ్లీ వేయాలి.

కట్టిన బండి చేలో ఎంత బాగా నడిచినా రోడ్డెక్కినప్పుడు లెక్క మారుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో చేరిన 182ఏ సెక్షన్ అలాంటి ప్రతి మార్పుకూ యజమానికి ఆరు నెలల వరకూ జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించేలా ఉంది. ట్రాక్టరు వెనక లింకేజీకి తగిలించే పరికరం వేరు, వాహనం ఇంజనునే మార్చడం వేరు. ఈ తేడా షాపు యజమానులు రైతుకు ముందే చెప్పాలి. పాత ఆటోకు, కారుకు ఎలక్ట్రిక్ మోటారు అమర్చాలంటే ఏఐఎస్-123 ప్రమాణం కింద ఆమోదం పొందిన కిట్ కావాలి, సొంత బ్రాకెట్టు చెల్లదు.

పనిని నేర్పే చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. లాం ఫారంలో మిరప, పత్తి పరిశోధనా కేంద్రాలున్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు ఆటోనగర్‌లో లేత్, గేరు, షాఫ్టు పనుల్లో తరాల నైపుణ్యముంది. 2007లో మొదలైన ఎస్ఏఈ ఇండియా బాజా వాహన పోటీల్లో విద్యార్థులు 10 హెచ్‌పీ ఒంటి సిలిండరు ఇంజనును గొట్టాల ఫ్రేములో కూర్చోబెట్టడం నేర్చుకుంటారు. అక్కడ ఫ్రేము గొట్టానికి కనీసం 0.18 శాతం కర్బనం ఉండాలన్న నియమం ఉంది. ఆటోనగర్ మేస్త్రీకి అతుకు తెలుసు, విద్యార్థికి లెక్క తెలుసు, రైతుకు చేను తెలుసు. ఈ ముగ్గురూ ఒకే షెడ్డులో కూర్చుని కట్టిన యంత్రాలు తక్కువ. కళాశాల ప్రాజెక్టులు మార్కులతో ముగిసిపోకుండా ఒక సీజను చేలో నడిచి వస్తే ఆ లోటు తీరుతుంది.

షాఫ్టుకు కాపుదల గురించి చివరి మాట. సెకనుకు తొమ్మిది చుట్లు తిరిగే పీటీవో రాడ్డు పంచె అంచును, చీర కొంగును పట్టిందంటే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునే లోపే రెండు మూడు చుట్లు చుట్టేస్తుంది. మిరప కోతల వేళ ట్రాక్టరు చుట్టూ ఎప్పుడూ ఆడకూలీలు, పిల్లలు ఉంటారు. రాడ్డు మీద రావాల్సిన ప్లాస్టిక్ గొట్టం విరిగిపోయి ఉంటే, మౌంటింగుతో పాటే నాలుగు ఇనుప పట్టీలతో ఒక రేకు కాపు వెల్డింగు చేయించాలి. ఆ పని గంటలో అయిపోతుంది. అది లేకుండా ఏ షాపూ స్టాండును రైతుకు అప్పగించకూడదు.